రెండో గొంతు

పొద్దుగాల ఆరున్నరకు
మా గల్లీ మలుపు కాడ నీ గొంతు ఇనబడ్తది.
"తడి చెత్త వేరు... పొడి చెత్త వేరు..."
మున్సిపాలిటోళ్ల ఆటో మీద, రేకు మైకుల.
రోజూ గదే రాగం, గదే విరుపు.
మొదటి "వేరు" కాడ నువ్వు జర ఆగుతవు.
మిర్యాలగూడల ఎవ్వరికీ తెల్వదు ఎందుకాగుతవో.
నాకెరుకే.
అక్కడ నేను అందుకునేది గదా.

హాలియ హాస్టల్ల, పప్పుల నీళ్లెక్కువైన రాత్రి
నువ్వు గిన్నె మీద దరువేస్తే
నేను తిట్టు కట్టిన.
మన మొదటి పాట గదే, వార్డెన్ మీద.
వారం రోజులు బాత్రూములు కడిగినం,
కడుక్కుంటనే రెండో చరణం జేసినం.

మాట ఎవ్వలిది, బాణి ఎవ్వలిది అని
తర్వాత శానమంది అడిగిన్రు.
ఏమని జెప్పాలె?
ఒక్క మడిల ఇద్దరు దిగి నాటేస్తే
ఏ నారు ఎవలు పెట్టిన్రో నీళ్లకెరుకా?

మా నాయిన రైసుమిల్లుల హమాలి.
తూకం చిట్టీల ఎనక రాసినం పాటలన్ని.
ఇప్పటికీ ఒకటున్నది నా కాడ.
ముందట డెబ్బై ఐదు కిలోలు, తరుగు రెండు.
ఎనక: ఎడమ కాలువ ఎండిపాయె, ఏడికి బోదు.
మూడో లైను నీ రాత, నాలుగోది నాది,
ఐదోది తడిసి అలుక్కపోయింది.

కాసెట్టు అట్ట మీద ఇద్దరి బొమ్మ,
సైదమ్మ, కౌసల్య.
ఉన్న ఒక్క మంచి చీరె మీ చిన్నమ్మది, నువ్వు కట్టినవు.
దాని కొంగే నా భుజం మీదికి లాగి
"రెండు చీరెలున్నట్టే కొడ్తది" అన్నడు ఫోటో ఆయన.
ఆ ఎండకాలం
పెండ్లి ట్రాక్టర్లల్ల మనమే,
నకిరేకల్ బస్టాండు చాయ్ కొట్టుల మనమే.
దేవరకొండ దిక్కు టేపు నలిగి గొంతు సాగితే
జనం సాగదీసే పాడిన్రు,
అదే అసలు బాణి అనుకొని.

సేటు ఇచ్చింది నాలుగు వేలు, ఒక గోడ గడియారం.
పైసలు పంచుకున్నం.
గడియారం పంచుకునుడు రాక
నెల నీ ఇంట్ల, నెల నా ఇంట్ల తిప్పినం.

రెండో కాసెట్టుకు హైదరాబాదు.
అద్దం అవతల కూసున్నాయన
చెవులకు పెట్టుకున్నయి తీసి అన్నడు:
"ఒక్కరు చాలమ్మా.
ఈమెతోనే మళ్లోసారి పాడిచ్చి కింద పరుస్తం."
నువ్వు నా దిక్కు చూసినవు.
నేను చెప్పులేసుకోనీకి వంగిన.
గంతే.
కొట్లాట కాలే, ఒక్క మాట జారలే.
నార్కట్‌పల్లి కాడ బస్సు ఆగితే
పల్లీలు కొని, ఊకె అలవాటుకు
రెండు పొట్లాలు గట్టిచ్చిన.

ఆ కాసెట్టు నడవలే.
సంబురపడ్డనా? అబద్ధమెందుకు, ఒక రోజు పడ్డ.
తర్వాత ఇన్న.
నీ మీద నువ్వే పాడుతున్నవు.
తప్పు యాడా లేదు.
ఊపిరి సుత ఒక్క కాడనే తీసుకున్నరు
ఇద్దరు సైదమ్మలు.
నేనైతే నువ్వు ఊపిరి తీసుకునేటప్పుడు
పాట కింద పడకుండ పట్టుకునేదాన్ని.

మొన్న పొరగాండ్లు
మన కాలువ పాటకు డీజే కొట్టి ఫోన్లల్ల పెట్టిన్రు.
రాసినోళ్ల పేరు కాడ "జానపదం" అని ఉన్నది.
బతికుండంగనే జానపదమైనం సైదమ్మా.

గడియారం మా గోడకే ఉన్నది.
నీ నెల మొదలై ఇరవై రెండేండ్లాయె.

ఆటో దగ్గరికొచ్చింది.
పచ్చ బకెట్టు, నీలి బకెట్టు పట్టుకొని
గేటు కాడ నిలబడ్డ.
"తడి చెత్త వేరు..."
నువ్వు ఆగినవు.
నేను మెల్లగ, కింది శ్రుతిల అందుకున్న.
డ్రైవరు పిలగాడు ఉలిక్కిపడి
దిగొచ్చి, మైకు మీద ఒక్కటి చరిచిండు,
ఏదో పాడైందని.